చప్పుడున్నంతసేపు

ముక్క వేలంత పొడవుండాలి, వేలంత వెడల్పుండాలి, పాప పిడికిట్లో పట్టుకుంటే పైన ఇంకా సగం మిగలాలి అని తనలో తాను అనుకుంటూ శివకృష్ణ పెనం మీద బ్రెడ్డు తిరగేశాడు. పచ్చి బ్రెడ్డు పనికిరాదు. నిన్న సాయంత్రం తానే నోట్లో పెట్టుకుని, పళ్ళు ఆనకుండా, నాలుకతో అంగిటికి నొక్కి చూశాడు. పచ్చిది ఉమ్మి తగలగానే ముద్దయి అంగిటికి అతుక్కుపోయింది, వేలు పెట్టి గీకితే గానీ ఊడిరాలేదు. ఎక్కువ కాల్చింది పెళుసెక్కి పలుకులు పలుకులుగా విరిగింది, ఒక పలుకు గొంతులో గుచ్చుకుని చెంబెడు నీళ్ళు తాగాల్సి వచ్చింది. కాస్తే కాల్చి, అంచులు కోసేసి, ఉడికిన గుమ్మడికాయ మెదిపి పల్చగా పూసింది మాత్రం నాలుక నొక్కుడికే నలిగి లోపలికి జారిపోయింది. గోడకు ఆనుకుని పాపకు పాలిస్తున్న భాగ్య, మూడు రకాల బ్రెడ్డు ముందేసుకుని కళ్ళు మూసుకుని నోరాడిస్తున్న మొగుణ్ణి చూసి, పెళ్ళిచూపుల్లో నేను చేసిన ఉప్మా కూడా ఇంత నిదానంగా తినలేదు నువ్వు అంది. నవ్వనీ. ఎనిమిది నెలల బిడ్డకు కింద రెండే పళ్ళు, అవీ బియ్యపు గింజంత. ఆ నోటికి ఏది సరిపోతుందో పెద్దవాళ్ళ నోటికి తెలియాలంటే పెద్దవాళ్ళు తమ పళ్ళు మరిచిపోవాలి మరి.

భాగ్య తొమ్మిదింటి బస్సుకు మార్కాపురం పోయింది. టైలరు దగ్గర జాకెట్లు తెచ్చుకోవాలంది గానీ, పాపను వదిలేసి ఆదివారం పూట జాకెట్ల కోసం పోయే మనిషి కాదని అతనికి తెలుసు, అతనికి తెలుసని ఆమెకూ తెలుసు. గుమ్మం దిగుతూ చెప్పనే చెప్పింది. “నేనుంటే మామ నా మొహం చూస్తాడు, పాపను చూడడు. నేను లేనప్పుడు ఎట్ల ఉంటాడో అదీ నాక్కావాల్సింది. నువ్వు చూసి చెప్పు, రేపు నేను పోవాల్నో వద్దో.” రేపు సోమవారం. దొనకొండ మండలాఫీసులో ఆమె కంప్యూటర్ ఆపరేటరు. కాన్పు సెలవు అయిపోయింది, దాని మీద పొడిగించుకున్న రెండు నెలలూ అయిపోయాయి, ఇక పొడిగింపు లేదు, రేపు కుర్చీలో కూర్చోకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. అతను ఎనిమిదిన్నరకల్లా బండి మీద మార్కాపురం పలకల ఫ్యాక్టరీకి పోవాలి. నాయనకు మోకాలు పట్టేసినప్పటి నుంచి జీవాల వెంట అమ్మ పోతోంది, పొద్దున పోతే మళ్ళీ పొద్దుగూకే వేళకే రావడం. అంటే తొమ్మిది నుంచి అయిదు దాకా ఈ ఇంట్లో ఉండేది ఇద్దరే, నాయనా, పాపా. పాలు తీసిపెట్టి పోవచ్చు, గిన్నెలో పోసి నాయన తాగించగలడు. జావ అయితే పది రోజులుగా పాప చెంచా చూస్తేనే నోరు బిగిస్తోంది, పోయిన నెల బరువుకూ ఈ నెల బరువుకూ తేడా లేదు. అంగన్‌వాడీలో బరువు చూసిన రోజే ఝాన్సీ సిస్టర్ అంది, చెంచా వద్దంటే చేతికివ్వండి, నమలడం ఇప్పుడు నేర్చుకోకపోతే తర్వాత కష్టమవుద్ది అని. చేతికివ్వడం సులువే. ఇచ్చాక చూస్తూ కూర్చోవడమే పని.

“డిగ్రీ చదివినోడు బ్రెడ్డు కాల్చను నేర్చినాడు,” అన్నాడు నాయన నడవలోంచి. మోకాలు చాపుకుని, దానికి ఆముదం పట్టిస్తూ కూర్చున్నాడు రంగనాయకులు. “రస్కు టీలో ముంచి ఇస్తే పోయేదానికి ఇంత యవ్వారమా? మీరంతా దేంతో పెరిగినారు?”

“రస్కు ఒకపక్క మెత్తగుంటది, ఒకపక్క రాయిలాగుంటది నాయనా. మెత్తనిది ఊడి పడితే ముద్ద, గట్టిది విరిగితే పెళ్ళ. టీ అసలే వద్దు.”

“ఓహో. పలకల మీద రాసిచ్చినారా ఇదంతా మీ ఫ్యాక్టరీలో?”

అతను నవ్వాడు. నాయన ఎకసెక్కెం ఆడాడంటే ఒప్పుకున్నట్టు కాదు గానీ అడ్డం పడనన్నట్టు. ఈ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు తను, ఆ చదువు గురించి నాయన మెచ్చుకుంటూ ఒక్కమాట అన్నది లేదు, ఫీజు కట్టాల్సి వచ్చిన ప్రతిసారీ మాత్రం మందలోంచి ఒక పొట్టేలు తగ్గేది. ఆ పొట్టేళ్ళు ఒక్కొక్కటీ అతనికి ఇప్పటికీ గుర్తే, చెవి తెగింది, మెడ కింద తెల్లమచ్చది. అందుకే నాయనకు ఎదురు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా అవి వరసగా వచ్చి కళ్ళ ముందు నిలబడతాయి. ఈ బ్రెడ్డు విషయంలో అట్లా కళ్ళ ముందు నిలబడటానికి ఇంకొకటి కూడా ఉంది. చుట్టాలు ఎవరొచ్చినా నాయన చెప్పే కథ. శివకృష్ణకు పది నెలలప్పుడు ఎండాకాలం మంద తోలుకుని కంభం చెరువు పక్కన దిగారు. పిల్లాడు పాక్కుంటూ పోయి చింతపిక్క నోట్లో వేసుకున్నాడు. “ఇట్ల కాళ్ళు పట్టినా. గొర్రెపిల్లను ఊపినట్టు ఊపినా. రెండో ఊపుకు పిక్క ఎగిరి అంత దూరాన పడినాది. లేకుంటే ఈడేడి?” అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల ఊపిరి తీయకపోతే వెనక కాళ్ళు రెండూ కలిపి పట్టి గాల్లో తిప్పుతారు, ముక్కూ నోరూ కమ్మిన జిగురు జారిపోయి అది చీదుతుంది. నాయన అట్లా తిప్పి బతికించినవి ఎన్నో. శివకృష్ణ తానూ తిప్పాడు, ఇంటర్ పరీక్షలకు చదువుకుంటూ దొడ్లో కూర్చున్నప్పుడు, ఒక చేత్తో పుస్తకం పక్కన పెట్టి. ఆ జారుడు కాళ్ళ వెచ్చదనం, ఒక్కసారిగా చెయ్యంతా పాకే ఆ తన్ను, అరచేతులకు ఇంకా గుర్తుంది. ఈ ఇంట్లో మగవాళ్ళ చేతులకు అది నేర్పకుండానే వచ్చినట్టుంటుంది, బిడ్డకు పొలమారితే చాలు ముందు కాళ్ళ వైపే పోతాయి. పోయిన వారం పాపకు పాలు పొలమారినప్పుడు నాయన చెయ్యి ఎక్కడికి పోయిందో భాగ్య చూసింది. ఆ తర్వాత మూడు రోజులు అన్నం సగమే తిన్నది.

గొంగడిని చుట్టలా చుట్టి నేల మీద వేసి మధ్యలో పాపను కూర్చోబెట్టాడు. నడుము నిలిచి నెల దాటింది, పక్కకు ఒరగదు. ఒరిగి గానీ వెనక్కి వాలి గానీ తినకూడదు, ఎత్తుకుని తిరుగుతూ పెట్టకూడదు, నవ్వించకూడదు, తాను నోట్లో పెట్టకూడదు, ముందు పెడితే అదే తీసుకోవాలి. ఝాన్సీ సిస్టర్ చెబుతుంటే నోట్‌బుక్‌లో రాసుకున్నవి, ఇప్పుడు నోట్‌బుక్ అక్కర్లేదు. గోధుమ కొత్త కాదు, రెండు వారాల కిందటే గోధుమరవ్వ జావగా రెండు చెంచాలు ఇచ్చి చూశారు, దద్దుర్లేమీ రాలేదు. చల్లారిన ముక్కను తన పెదవికి ఆనించి చూసుకుని ప్లేటులో పెట్టాడు. ఒకటే. రెండు పెడితే రెండు చేతులతో రెండూ కుక్కుకుంటుంది. పాప ముక్కను చూసింది, తండ్రిని చూసింది, మళ్ళీ ముక్కను చూసింది, ఎవరిదో వస్తువు తీసుకుంటున్నదానిలా మెల్లగా వేళ్ళు చాపి, గుప్పిట బిగించింది. గుమ్మడి గుజ్జు వేళ్ళ సందుల్లోంచి ఉబికింది. నాయన ఆముదం గిన్నె పక్కనబెట్టి మోకాలి మీద చెయ్యూని లేచి వచ్చి గొంగడి అవతల కూర్చున్నాడు. నాయన గొంగడే అది. వానకు తడిసి ఎండకు ఆరి మేకపాలూ పొగా కలిసిన వాసన, దాని కిందే తను పడుకుని పెరిగాడు, ఇప్పుడు దాని మీద బ్రెడ్డు పొడి రాలుతోంది. పాప ముక్క కొసను చిగుళ్ళ మధ్య పెట్టి చీకింది, తీసి చూసింది, మళ్ళీ పెట్టింది. కింది దవడ ఆడింది. ఎవరూ నేర్పలేదు, అయినా ఆడింది, మేత కొత్తగా రుచి చూసే గొర్రెపిల్ల గడ్డిపరకను పెదవులతో తడిమి తడిమి ఒకసారి పటుక్కున తెంపుకున్నట్టు. తెంపుకుంది. బొటనవేలి గోరంత ముక్క లోపలికి పోయింది. చెంప ఒకవైపు ఉబ్బింది, ఇంకోవైపు ఉబ్బింది. “మాయమ్మే,” అన్నాడు నాయన. తన తల్లి మళ్ళీ పుట్టిందనే అతని లెక్క, మనవరాలిని అట్లాగే పిలుస్తాడు. “మాయమ్మ కొరికినాది చూడరా.” మాట పూర్తికాలేదు, పాప కళ్ళు పెద్దవయ్యాయి.

కళ్ళు పెద్దవయ్యాయి, మెడ ముందుకు వచ్చింది, నాలుక బయటికి సాగింది, మొహం ఎర్రబడింది, గొంతులోంచి ఖ్ అని, మళ్ళీ ఖ్‌ఖ్ అని. ఝాన్సీ సిస్టర్ గుడ్డబొమ్మను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి చూపించింది, తల కిందికి ఉండాలి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు, తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్ళతో అయిదు నొక్కుళ్ళు, మధ్యలో ఎవరో ఒకరు 108కి ఫోన్, కనపడని ముక్క కోసం వేలు పెట్టి కెలకడం మాత్రం ఎప్పుడూ వద్దు. కానీ అది ఎప్పుడు? చప్పుడు లేనప్పుడు. ఏడుపు రానప్పుడు, దగ్గు రానప్పుడు, పెదాలు నల్లబడినప్పుడు. “సౌండు ఉన్నంతసేపు చెయ్యి పెట్టబాకండి, గాలి పోతాందని అర్థం. సౌండు ఆగిందా, ఒక్క క్షణం ఆగబాకండి.” ఫ్యాక్టరీలో పలకను వేలికొసన వేలాడదీసి కొడతారు, ఖంగుమంటే బాగుంది, మూగగా ఉంటే లోపల ఎక్కడో చీలింది, కంటితో చూసి చెప్పేవాణ్ణి ఎవరూ నమ్మరు. ఎరుపు. ఎరుపు మంచిదే, నీలం కాదు. ఖ్‌ఖ్. చప్పుడు ఉంది. ఉంది. చప్పుడు ఉందని తెలుసు, అయినా తన చేతులు ఒళ్ళో లేవు, ముందుకు వచ్చేశాయి, పాప పాదాల దాకా, ఆ పక్కన ఇంకో రెండు చేతులు, నల్లగా, ఆముదం మెరుస్తూ, ముందే పాదాల మీద ఉన్నాయి. అతను నాయన మణికట్లు పట్టుకున్నాడు.

“చెయ్యి ఇడువు రా.”

“దగ్గుతాంది నాయనా. విను.”

“నా తల్లి సచ్చిపోతాంది రా! ఇడువు!”

“విను. విను నాయనా. చప్పుడొస్తాంది.”

ఆముదానికి మణికట్లు జారుతున్నాయి, ఇంకా గట్టిగా పట్టాడు. జన్మలో నాయనను ఇట్లా పట్టుకున్నది లేదు. ఎంత సన్నబడ్డాయి. పొట్టేలు కొమ్ములు వంచిన చేతులు ఇవి, బొటనవేలూ మధ్యవేలూ కలిసిపోతున్నాయి. పాప ఇంకోసారి ఖ్ అని, భుజాలు ఎగరేసి, నాలుక మీద తెల్లటి తడిముద్దను ముందుకు తోసుకుని, గడ్డం మీంచి జారవిడిచింది. అది గొంగడి మీద పడింది. ముగ్గురూ దాన్ని చూశారు. పాప రెండు కన్నీటి చుక్కలతోనే వంగి, దాన్ని వేళ్ళతో చిదిమి పట్టుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఈసారి నమిలింది. మింగింది. నోరు తెరిచి ఖాళీ నాలుక చూపించి ఆ అంది. అంతా కలిపి ఎన్ని క్షణాలు? పది కూడా ఉండవు.

నాయన చేతులు వదిలించుకుని లేచాడు. కుంటుకుంటూ వెనక దొడ్లోకి పోయాడు, మందతో పోలేని చిన్న గొర్రెపిల్లలు జల్లగంప కింద అరుస్తున్నాయి, జల్ల ఎత్తిన చప్పుడయింది. తప్పు చేశానా అనుకున్నాడు శివకృష్ణ, లేదు. చేసింది సరైనదే. రేపు తాను ఉండడు, అంతే. రేపు ఆ చేతులను ఎవరు పట్టుకుంటారు? పాపకు నీళ్ళు రెండు గుక్కలు గిన్నెతో తాగించాడు, మూతి తుడిచాడు. తనను ఊపినప్పుడు కూడా నాయన చేతులు ఇట్లాగే ముందుకు ఉరికి ఉంటాయి, అప్పుడవి లావుగా ఉండేవి. చింతపిక్క. అమ్మ ఈ కథ చెప్పినప్పుడు ఇంకో రకంగా చెబుతుంది, చెరువు పక్కన ఎండ, పొయ్యి మీద ఎసరు, “నువ్వు క్యారుమని ఏడుస్తా ఉంటివి, మీ నాయన ఉరికొచ్చి ఏడ్చేవాణ్ణి ఏడ్చినట్టే కాళ్ళు పట్టి ఎత్తినాడు, నా గుండె ఆగిపోయినాది.” ముప్పై ఏళ్ళుగా వింటున్నాడు. ఏడుస్తా ఉంటివి. ఏడుస్తూ ఉన్నాడంటే గాలి ఆడుతోంది. గాలి ఆడుతోందంటే పిక్క గొంతుకు అడ్డం పడలేదు, నోట్లోనే ఎక్కడో ఉంది, ఊపకపోయినా ఆ ఏడుపుకే బయటపడేది. ఊపినప్పుడు లోపలికి జారి ఉంటే? మెడ పట్టేసి ఉంటే? అతను తన మెడ తడుముకున్నాడు, ముప్పై ఏళ్ళ తర్వాత, తన కోసం. నాయన చుట్టాలకు చెప్పుకునే కథల్లో గొప్పది ఇదొక్కటే. తన కొడుకును తాను బతికించుకున్న కథ. దాన్ని ఈ ఇంట్లో ఎవరైనా తప్పని చెప్పాలంటే అది తానే, తాను చెప్పడు. పాప ప్రాణానికి అవసరమైతే? అప్పుడు చెబుతాడు. ఆ రెండు మాటల మధ్య ఇరుక్కుని, ప్లేటులో ఇంకో ముక్క పెట్టకుండా కూర్చున్నాడు. పాప ఖాళీ ప్లేటును అరచేత్తో కొడుతోంది.

వెనక నుంచి కొళాయి చప్పుడు వినిపించింది, చాలాసేపు. నాయన వచ్చాడు. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగి ఉన్నాయి, ఆముదం మెరుపు లేదు. గొంగడి అవతల అదే చోట కూర్చున్నాడు. కొంతసేపు పాపనే చూశాడు.

“గొర్రెపిల్లను ఊపేది ఎప్పుడు రా?”

“ఈనినప్పుడు.”

“ఈనినప్పుడే. ఇంకా ఊపిరి తీయనిదాన్ని. మేత మేసే పిల్లను ఊపినోణ్ణి చూసినావా? మేత గొంతుకు అడ్డమొస్తే అదే దగ్గి కక్కుతది, మనం మెడ పట్టినామంటే బెదిరి మింగుతది. మీ తాత ఆ మాట నాకు చెప్పినాడు. నేనే చానామందికి చెప్పినా.” కడిగిన చేతులు తిప్పి చూసుకున్నాడు. “జీవాలకు తెలిసింది ఇంట్లోకి వచ్చేసరికి మర్చిపోయినా.”

“బిడ్డ కదా నాయనా. భయముంటది.”

“నిన్ను ఊపితినే మరి.”

శివకృష్ణ ప్లేటు అంచు తుడిచాడు. “ఊపినావు. బతికినా కదా.”

“ఏడుస్తా ఉంటివంట. మీయమ్మ ఎప్పుడూ అంటాది. నేను ఎప్పుడూ ఆ మాట దాటేసి చెప్తా.” నాయన గడ్డం గోక్కున్నాడు, ఎటో చూస్తూ నవ్వాడు, నవ్వులో కొంత సిగ్గుంది. “ఈ పొద్దు జల్ల ఎత్తి నిలబడుకుంటే తెలిసినాది. ఏడ్చేవాణ్ణి ఎందుకు ఊపినాన్రా నేను? నా భయానికి ఊపినా. సర్లే. ముక్క ఇట్ల తే. నేను పెడతా.”

“నోట్లో పెట్టబాకు. ముందర పెట్టు, అదే తీసుకుంటది.”

“తెలుసులే, చూస్తాండా గదా ఇందాకట్నుంచి. చప్పుడు లేకుంటే ఏం చేయాల? అది చూపియ్యి ముందు.”

దిండు తెచ్చాడు శివకృష్ణ. నాయన ముంజేతి మీద దాన్ని బోర్లా పడుకోబెట్టించి, ఆ చేతిని తొడ మీద ఆనించి, తల వైపు కిందికి వంచించి, అరచేతి మడమ ఎక్కడ పడాలో తన చేత్తో నాయన చేతిని పట్టి చూపించాడు. తిప్పి, రెండు వేళ్ళు ఎక్కడో చూపించాడు. నాయన మూడుసార్లు చేశాడు. మూడోసారి అతను చెప్పకముందే, “ఈలోపల ఫోను, ఎదురింటి ఆదిశేషును కేకేస్తా, వాడు చేస్తాడు ఫోను,” అన్నాడు. అది నోట్‌బుక్‌లో లేదు. పాప తాత ఒళ్ళో దెబ్బలు తింటున్న దిండును చూసి కేరింతలు కొట్టింది. అది అణిగేదాకా ఆగి, ముక్క ముందర పెట్టి, నాయన రెండు చేతులూ తన తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. మోకాలు నొప్పికి మొహం ముడుచుకుంది, అయినా కదల్లేదు. పాప తీసుకుంది. కొరికింది. నాయన పెదవులు పాప పెదవులతో పాటు ఆడుతున్నాయి. శివకృష్ణ ఆ రెండు నోళ్ళనూ చూస్తూ, ఇప్పుడు తాను చేయాల్సిన పని ఇంకొకటే మిగిలిందని, అది అన్నిటికంటే కష్టమైనదని తెలుసుకున్నాడు. లేచాడు. నడవ దాటాడు. తలుపు దగ్గరగా వేసి, వాకిట్లోకి దిగి, వేపచెట్టు నీడ దాకా పోయి, ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాడు.

ఎండ చిటచిటలాడుతోంది. రోడ్డు మీద కొనకనమిట్ల ఆటో పోయింది, దాని వెనక దుమ్ము. చెవులు మాత్రం తలుపు సందులోనే ఉన్నాయి. ముందు ఏమీ లేదు. తర్వాత ఖ్ అంది. అరచేతులు చొక్కా అంచును పట్టుకున్నాయి. ఖ్‌ఖ్. నాయన గొంతు వినిపించింది, మందను అదిలించేటప్పటి గొంతు కాదు, ఈనే గొర్రె పక్కన కూర్చున్నప్పటిది, తక్కువ స్థాయిలో, తొందర లేకుండా. “దగ్గు తల్లీ. దగ్గు. ఆ... నేనిక్కడే ఉండా. దగ్గు.” ఖ్. తర్వాత నిశ్శబ్దం, ఒక మనిషి వెనక్కి తిరిగి పరుగెత్తడానికి సరిపడేంత. అతను సగం తిరిగాడు. లోపల ప్లేటు మీద అరచేతి దెబ్బ పడింది, వెంటనే నాయన, “ఇంకోటి గావాల్నా? ఇంకోటి గావాల్నంట మాయమ్మకు! రేయ్ శివా, బ్రెడ్డు అయిపోయినాది రా,” అని అరిచాడు. జేబులో ఫోను మోగింది. భాగ్య.

“తిన్నాదా?”

“తింటాంది.”

“నువ్వు పెడతాండావా?”

“కాదు, నాయన.”

అటువైపు మార్కాపురం బస్టాండు రొద, ఎవరో గిద్దలూరు, గిద్దలూరు అని పిలుస్తున్నారు.

“మరి నువ్వేడ ఉండావు?”

“బయట.”

భాగ్య ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

“సరే. ఎర్రంచు చీర మూటలో ఉంటది, తీసి ఇస్త్రీకి ఇయ్యి. రేపు అదే కట్టుకుంటా.”